తిరగలి ఇంట్లో అత్తయ్య దీపాలు

ముందే చెప్తున్నా, ఆ ఊరి పేరు మాత్రం నన్నడక్కండి. నిజ్వా దాటాక కొండల్లో ఉంది, అంతే. పేరు రాయొద్దని బాషా మరీ మరీ చెప్పాడు. "రాసినారంటే మస్కట్‌లో ఉండే మనోళ్ళంతా శుక్రవారం వస్తే చాలు ఈడికే వచ్చి పడతారక్కా. వచ్చినోళ్ళు ఊరికే ఉంటారా, కాల్వ కనపడతానే కాళ్ళు పెడతారు" అన్నాడు. ఆ బాషా ఎవరో, కాలవలో కాళ్ళు పెడితే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వెళ్ళొచ్చి నెల దాటింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది గానీ, ఆ తెల్లవారుజామున మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పిండిమరలో పడుకోడానికి డబ్బులా?

మేం మస్కట్‌లో వాడి కబీర్‌లో ఉంటాం. పొద్దున్నే స్కూలు బస్సుల హారన్లు, తర్వాత వర్క్‌షాపుల్లో రేకుల మోత, సాయంత్రం మళ్ళీ బస్సులు. మా ఆయన మురళి ఒక కంపెనీలో ఏసీల సెక్షన్ చూస్తాడు. మా అత్తయ్య రేపల్లె నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. మా కిటికీ తీస్తే ఎదురింటి ఏసీ డబ్బాలు తప్ప ఇంకేం కనపడవు మరి. "జైలుకైనా వాకిలుంటుందే అమ్మాయ్, మీ ఇంటికి అదీ లేదు" అనేది.

దానికి తోడు కార్తీక మాసం. రోజూ చీకటితో లేచి తలస్నానం, బాల్కనీలో దీపం. గాలికి ఆరిపోకుండా నేను అట్టముక్క అడ్డం పట్టుకుని నిలబడాలి. నెలంతా అట్లా గడిచింది గానీ, చివర పోలి పాడ్యమి వస్తోందనగా ఆవిడకి దిగులు పట్టుకుంది. ఆ రోజు తెల్లారకముందే అరటి దొప్పల్లో ముప్ఫై వత్తుల దీపాలు వెలిగించి పారే నీళ్ళలో వదలాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ రేపల్లె కాలవలో ఒక్క ఏడు కూడా మానలేదట. నేను నిరుడు ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, చేత్తో అలలు కొట్టి వదిలానని చెప్తే నొసలు చిట్లించింది. "టబ్బులో వదిలితే స్వర్గానికేం పోద్దీ? బాత్రూంలోకి పోద్ది."

అప్పుడు మా ఆయన ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. కొండ ఊళ్ళో పాతకాలపు నీటి తిరగలి ఇల్లు. ఎప్పుడో మూతపడితే బాగుచేసి మూడు గదులు అద్దెకిస్తున్నారు. ఒక రాత్రికి ముప్ఫై రియాళ్ళు. అత్తయ్య దాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పించుకుని గుండె మీద చెయ్యేసుకుంది. "మన ఊళ్ళో పిండిమరకి పోతే నెత్తీ కనుబొమలూ తెల్లగా చేసుకుని వస్తాం. దాంట్లో పడుకోడానికి ఎదురు డబ్బులియ్యడమేందిరా?"

"గోడ పక్కనే కాలవ పారుతుందమ్మా" అన్నాడు మా ఆయన, మాటవరసకి.

కాలవ అన్న మాట చెవిన పడగానే అత్తయ్య లేచి సంచీ సర్దుకుంది.

సమాయిల్ దాటాక

గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి మా ఆయన వచ్చేసరికి మేం మెట్ల దగ్గర నిలబడి ఉన్నాం. ఒక సంచీలో బట్టలు, రెండో సంచీలో స్టీలు డబ్బా నిండా పులిహోర, నెయ్యి సీసా, వత్తులు, పసుపూ కుంకుమా. కారులో కూర్చున్నాక ఎవరి సంచీ ఎవరి ఒళ్ళో అన్నదానికే అరగంట సరిపోయింది.

సమాయిల్ దాటాక కొండలు రెండు వైపులా దగ్గరకొస్తాయి. ఒక్క గడ్డిపోచ ఉండదు. "దేవుడు ఇక్కడికొచ్చేసరికి రంగులన్నీ అయిపోయినట్టున్నాయి" అంది అత్తయ్య. ఒక పెట్రోలు బంకు దగ్గర మలయాళీ టీకొట్టులో ఆగాం. ఇక్కడి వాళ్ళకి ప్రాణమైన తిండి ఒకటుంది: పరాటా మీద చీజ్ ముద్ద రాసి, కారం చిప్స్ పొట్లం నలిపి పోసి, చుట్ట చుట్టి ఇస్తారు. మూడొందల బైసాలు. మూడొందలనగానే అత్తయ్య అరిచినంత పని చేసింది. బైసాలంటే పైసల్లాంటివని, వెయ్యి అయితే గానీ రియాల్ కాదని చెప్పాక శాంతించింది. పరాటాలో ఉల్లిపాయ లేదని కొట్టబ్బాయి చేత మూడుసార్లు చెప్పించుకుంది గానీ, ఆఖరికి తిన్నది పులిహోరే. అయినా నా పరాటాలో చిప్స్ ఒక్కొక్కటే ఏరుకుని "రుచి చూస్తన్నాలే" అంటూ సగం తినేసింది.

నిజ్వాలో హల్వా కొన్నాం. కుంకుమపువ్వూ, గులాబీ నీళ్ళూ వాసన కొడుతూ, చెంచాతో తీస్తే వదలకుండా సాగుతుంది. మన హల్వాలాగా ముక్కగా నిలబడదు, కంచంలో జారుతుంది. అక్కడ ముందు రుచి చూపించాకే అమ్ముతారు. అత్తయ్య నాలుగు రకాలు రుచి చూసి, అన్నిటికన్నా చిన్న గిన్నె చూపించింది. కొట్టాయన మొహం చూడలేక నేను పెద్దది కూడా ఒకటి తీసుకున్నాను.

బాషా

ఊరు కొండకి అతుక్కుని ఉంది. ఇళ్ళూ కొండా ఒకటే మట్టిరంగు. దగ్గరికెళ్తే గానీ కిటికీలు కనపడవు. కింద మాత్రం ఒక్కసారిగా పచ్చదనం. ఖర్జూరం తోపులు, వాటి నీడన అరటి, నిమ్మ, గడ్డి మళ్ళు. ఆ పచ్చదనమంతా ఒక్క ఫలజ్ పుణ్యం. ఫలజ్ అంటే కొండలో ఊటని పట్టి రాతి కాలవలో ఊళ్ళోకి తెచ్చుకోవడం. మూరెడు వెడల్పు, మోకాలి లోతు. అంతే. ఊరి ప్రాణమంతా దాంట్లోనే ఉంది.

తిరగలి ఇల్లు ఊరికి పైకొసన ఉంది. కాలవ గోడ మీదుగా వచ్చి, పూర్వం బావిలాంటి గొట్టంలోకి దూకేదట. అడుగున పడుకోబెట్టిన చక్రం. నీళ్ళు దాని రెక్కల్ని కొడితే పైగదిలో తిరగలి రాయి గిర్రున తిరిగేది. ఇప్పుడు నీళ్ళు పక్క కాలవలోంచి నేరుగా ఊళ్ళోకి పోతాయి. ఆ రాయి మటుకు మా గదిలో మంచం పక్కనే ఉంది. అత్తయ్య దాని మీద చెయ్యేసి నిమిరి, "పాపం, గాట్లు అరిగిపోయినయ్. ఎన్ని వేల మంది తిన్నారో దీని పిండి" అంది. అప్పటిదాకా పిండిమర అని ఎగతాళి చేసిన మనిషి, చెప్పులు గది బయట విడిచి మరీ లోపలికొచ్చింది.

ఆ ఇంటిని చూసుకునేది బాషా. ముప్ఫయ్యేళ్ళుంటాయి. మమ్మల్ని చూస్తూనే హిందీలో మొదలెట్టి, అత్తయ్య "ఏందిరా వీడు నవ్వుతున్నాడు" అనగానే తెలుగులోకి దిగాడు.

"నవ్వకుండా యెట్లుంటానమ్మా. తెలుగు మాట చెవిన పడి ఆరు నెల్లయింది. మాది ప్రొద్దుటూరు పక్కన."

అత్తయ్య అతన్ని ఇంక వదల్లేదు. ఎంతమంది పిల్లలు, పెళ్ళాం ఎక్కడ, అమ్మానాన్నా ఏం చేస్తారు. అతను మాకు గదులు చూపిస్తూ అన్నీ చెప్పాడు. ఇంతకుముందు దుక్మ్‌లో సైట్ క్యాంపులో వంట చేసేవాడు. వందలమందికి వంట, రూంకి ఎనిమిది మంది, చుట్టూ ఇసక. పెళ్ళయి ఐదేళ్ళయితే భార్యతో కలిసి ఉన్నది మొత్తం కలిపినా ఐదు నెలలు లేదు. ఇక్కడ ఈ ఇల్లుగలాయన, బాషా మాటల్లో 'అర్బాబ్', మస్కట్‌లో ఉంటాడు. మంచివాడు. బాషా భార్య నసీమాకి కూడా గదుల పని ఇస్తానని వీసా కాగితాలు పెట్టాడు. వచ్చే నెల వస్తోంది.

"వెనక చిన్న గది ఇచ్చినాడమ్మా. నేనే సున్నం కొట్టినా" అని ఆ గది కూడా చూపించాడు. ఒక కొత్త చాప, గోడకి అద్దం. అద్దం ఆడమనిషి ఎత్తుకి తగిలించి ఉంది.

తర్వాత మమ్మల్ని కాలవ దగ్గరకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఒక్కటే మాటమ్మా. ఈ పైకాల్వ తాగే నీళ్ళు. ఈడ సబ్బు వద్దు, కాళ్ళు పెట్టొద్దు." ఫలజ్‌కి ఒక వరస ఉందట. ముందు తాగే నీళ్ళ మెట్లు, తర్వాత మసీదు, ఆ తర్వాత మగవాళ్ళ స్నానాలు, ఆడవాళ్ళ స్నానాలు, ఆఖరికి తోటలు. తరతరాలుగా ఆ వరస తప్పలేదు. ఎండాకాలంలో ఎవరో టూరిస్టులు వచ్చి పైకాలవలో షాంపూతో తలంటుకున్నారట. కింద మెట్ల దగ్గర బిందెలు పెట్టినవాళ్ళకి నురగొచ్చింది. ఊరి పెద్దలు అర్బాబ్‌ని పిలిచి, ఇంకొక్కసారి ఇట్లా అయితే ఇల్లు మూసెయ్యమన్నారు. ఆయన సరేనని మాటిచ్చాడు.

"ఇల్లు మూస్తే నువ్వెక్కడికి పోతావు?" అన్నాను.

"యాడికి పోతాక్కా? మళ్ళీ దుక్మే. క్యాంపులో ఫ్యామిలీకి చోటు ల్యా."

అత్తయ్య అతని భుజం తట్టింది. "మేం అట్టాంటి వాళ్ళం కాదులే నాయనా. సబ్బూ పెట్టం, కాలూ పెట్టం."

ఆ సాయంత్రం బాషా ఉల్లీ వెల్లుల్లీ లేకుండా పప్పూ, వంకాయ కూరా చేశాడు. పక్కింటావిడ పెనం మీద పిండి ముద్దని అరచేత్తో రుద్ది ఎత్తేసిన రొట్టెలు తెచ్చిచ్చింది. అచ్చం పూతరేకులే. వేలు తగిలితే విరుగుతాయి. ఖర్జూర పాకం పోసుకుని తిన్నాం. తిన్నాక అత్తయ్య అడిగింది, "బాషా, తోటలో అరటి చెట్లున్నయ్ కదా, నాలుగు దొప్పలు కోసిపెడతావా?" అతను కూరకనుకుని, పనికిరాని పైదొప్పలు తీసేసి లోపలి లేత దూట మాత్రం జాగ్రత్తగా కడిగి తెచ్చాడు. అత్తయ్య పైదొప్పలూ తెమ్మని మళ్ళీ పంపింది. ఎందుకని అతనూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

దీపం సబ్బా, కాలా?

ఇంకా చీకటి ఉండగానే అత్తయ్య నా కాలి బొటనవేలు పట్టుకుని లాగింది. స్నానాలు చేశాం. బకెట్‌తో, బాత్రూంలోనే. అంతవరకూ బుద్ధిమంతులమే. మా ఆయన గురక పెడుతున్నాడు. నేను నెయ్యి సీసా, ఆవిడ పళ్ళెం పట్టుకుని కాలవ గట్టు మీదకి చేరాం. చలి గజగజలాడిస్తోంది.

"అత్తయ్యా, ఇక్కడ వద్దన్నాడు కదా బాషా. కిందకి, తోటల్లోకి పోదామా?" అన్నాను.

"ఏం వద్దన్నాడు? సబ్బు వద్దన్నాడు, కాళ్ళు వద్దన్నాడు. దీపం సబ్బా, కాలా? ఊరంతా ఒళ్ళు కడుక్కున్న నీళ్ళలో దీపం వదుల్తారా ఎవరన్నా? మడి నీళ్ళలోనే వదలాలి."

నాకు ఆ మాట సబబుగానే అనిపించింది. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ ఆవిడ వైపు నుంచి చూస్తే సబబే. శుభ్రమైన చోటు గనకే ముట్టుకోవద్దన్నది వాళ్ళ లెక్క. శుభ్రమైన చోటు గనకే దీపం పెట్టాలన్నది మా లెక్క.

ఐదు దొప్పలు. నెయ్యి పోసి, వత్తులు వెలిగించి, పసుపూ కుంకుమా చల్లి ఒక్కొక్కటే వదిలింది. అబ్బ, ఏం చెప్పను! ఆ నల్లటి నీళ్ళు చప్పుడు లేకుండా దీపాల్ని ఎత్తుకుని పోయాయి. మట్టిగోడ మీద వెలుగు పాకుతూ వెళ్ళింది. అత్తయ్య చేతులు జోడించి కళ్ళు మూసుకుని కోడలు స్వర్గానికెళ్ళిన కథ చెప్పడం మొదలెట్టింది. ఆ కథలో అత్తగారు ఒట్టి గయ్యాళి. ఎప్పుడు చెప్పినా ఆ భాగం వచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గుతుంది, నాకు నవ్వు ముంచుకొస్తుంది.

కథ సగంలో ఉండగా కింద మసీదులో నమాజుకి పిలిచే అజాన్ వినిపించింది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మన కాలవలైతే దీపాలు మలుపు తిరిగి ఎటో పోతాయి. ఎవరూ వెతకరు. ఈ కాలవ ఎటూ పోదు! నేరుగా తాగే నీళ్ళ మెట్లకి, అక్కణ్ణుంచి మసీదుకి పోతుంది. నెయ్యి, పసుపు, కుంకుమ, వత్తులు అన్నీ వేసుకుని, సరిగ్గా మనుషులు నమాజుకి వచ్చే వేళకి!

"అత్తయ్యా, దీపాలు!" అని కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గట్టు వెంట పరుగు లంకించుకున్నాను. జానెడు గట్టు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క నిలువెత్తు పల్లం. వెనక నుంచి అత్తయ్య "పడతావే, పడతావే!" అని కేకలు. రెండు దొప్పలు గట్టుకి తట్టుకుని ఆగితే తీసేశాను. ఒకటి బోర్లా పడి ఆరిపోయింది. దాన్నీ పట్టాను. నెయ్యి మాత్రం నీళ్ళ మీద తెట్టెలా సాగిపోతోంది. మిగతా రెండూ నా కళ్ళముందే రాతిపలకల కింద దూరాయి. అవతల తేలేది మెట్ల దగ్గరే.

నేను రొప్పుకుంటూ అక్కడికి చేరేసరికి పాదాల దాకా జారే తెల్లటి దిష్‌దాషా వేసుకున్న ముసలాయన ఒకాయన మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో మా దొప్ప. దీపం వెలుగుతూనే ఉంది. రెండో దొప్ప ఆయన కాళ్ళ దగ్గర ఆరిపోయి ఉంది.

ఆయన దొప్ప వంకా, నా నుదుటి బొట్టు వంకా, నా చేతిలో మిగతా దొప్పల వంకా చూశారు. అరబ్బీలో ఏదో అన్నారు. నాకర్థమైంది ఒక్కటే మాట, సలా, అంటే నమాజు. అది అయ్యాక మాట్లాడదామన్నట్టు చెయ్యి చూపించి మసీదులోకి వెళ్ళిపోయారు.

కాఫీ అయ్యాకే మాట

నేను తిరగలి ఇంటికి తిరిగొచ్చేసరికి బాషా అప్పుడే లేచి బయటికొచ్చాడు. తడిసిన చీర, దొప్పలు, నా మొహం చూసి మొత్తం గ్రహించేశాడు. తిడితే బాగుండు. ఒక్క మాట తిట్టలేదు. "ఏం చేస్తిరమ్మా" అని గట్టు మీద కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. "ఆయన వకీల్. ఫలజ్ ఆయన చేతిలోనే ఉంటుంది. ఎవరికి ఎంతసేపు నీళ్ళో అన్నీ ఆయన చెప్పినట్టే."

ఇక్కడ వకీలంటే కోర్టు వకీలు కాదు, కాలవ పెద్ద. పేరు సాలిం గారు. షాంపూ రోజున అర్బాబ్‌ని పిలిపించింది కూడా ఈయనేనట.

మా ఆయన గోల విని లేచొచ్చాడు. "మీరిద్దరూ కలిసి నన్ను ఎయిర్‌పోర్టుకి పంపేదాకా నిద్రపోరా? వాళ్ళ మసీదు నీళ్ళలో మన దీపాలేంటి? పోలీసుల దాకా పోతే?" అని గొంతు చించుకున్నాడు. ఏసీల మీద అరిచీ అరిచీ ఆయన గొంతు అట్లా తయారైంది. నాకు మాత్రం మా భయం కంటే బాషాని చూస్తే ఎక్కువ బాధేసింది. అతను వెనక గది తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అత్తయ్య మొదట వాదించింది. దీపం తప్పెట్టా అవుద్ది అంది. తర్వాత బాషా చూపు ఎటుందో చూసింది. వాదన ఆపి, నా చేతిలోని దొప్పలు తీసుకుని పళ్ళెంలో సర్దింది. నా పెళ్ళయ్యాక ఆవిడ వాదన మధ్యలో వదిలెయ్యడం అదే మొదటిసారి.

తెల్లారుతుండగా సాలిం గారు ఇంకో ఇద్దరు పెద్దమనుషులతో వచ్చారు. సలాములయ్యాయి. చాప మీద కూర్చున్నారు. బాషా ఖర్జూరాలు పెట్టి, చిన్న గిన్నెల్లో ఏలకుల కాఫీ పోశాడు. వీళ్ళలో ఒక పద్ధతుంది: కాఫీ అయ్యేదాకా అసలు సంగతి ఎత్తరు. గొంతు కోసే మాటైనా సరే, ముందు ఆరోగ్యం, వానలు, తోటలు అన్నీ అడుగుతారు. చాలనడానికి గిన్నెని అటూ ఇటూ ఊపాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఆ సంగతి తెలియని అత్తయ్య భయంతో గిన్నె చాపుతూనే ఉంది, బాషా పోస్తూనే ఉన్నాడు. నాలుగు గిన్నెలు తాగాక సాలిం గారే తన గిన్నె ఊపి చూపించారు.

అప్పుడు అత్తయ్య లేచి నిలబడింది.

"బాషా, నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు. ఈ అబ్బాయి మాకు వద్దనే చెప్పాడు. నేనే వినలా. వీడి తప్పు గోరంత కూడా లేదు. అనేది నన్ననండి, ఏం చేసినా నన్ను చెయ్యండి. వీడి పెళ్ళాం వచ్చే నెల వస్తంది, దాని నోటికాడ కూడు తియ్యబాకండి."

బాషా మా ఆయన వైపు చూశాడు. తన గురించి తనే ఎట్లా చెప్పుకుంటాడు? మా ఆయనే వచ్చీ రాని సైట్ అరబ్బీలో చెప్పాడు. సాలిం గారు ఓపిగ్గా విన్నారు. దొప్ప ఎత్తి చూపిస్తూ, దీంట్లో ఏముందని అడిగారు. నెయ్యి, దూది, పసుపు, కుంకుమ. సబ్బా? కాదు. మరి నీళ్ళలో ఎందుకు?

అత్తయ్య బాషా వైపు తిరిగింది. ఆవిడ చెప్పింది ఈసారి అతనే తర్జుమా చేశాడు. "నెలంతా దీపం పెట్టుకున్నాం, ఆఖరి రోజు నీళ్ళకి దండం పెట్టి వదుల్తాం. బతికిస్తున్నయ్ కదా నీళ్ళు."

సాలిం గారు వేలెత్తారు. "శుక్ర్, అంటే కృతజ్ఞత, చెప్పాల్సింది నీళ్ళకి కాదు, నీళ్ళిచ్చినవాడికి."

"ఆయన దగ్గరికే పంపాను నాయనా. దారి తెలిసేది నీళ్ళకే కదా అని వాటి చేతికిచ్చా" అంది అత్తయ్య.

బాషా అది అరబ్బీలో చెప్పగానే పక్కనున్న పెద్దమనిషి నవ్వాపుకోలేక దగ్గాడు. సాలిం గారి గడ్డం కూడా కదిలింది. కానీ తీర్పు తీర్పే. నమ్మకం సంగతి మీదీ దేవుడిదీ, మాకు అక్కర్లేదన్నారు. నెయ్యి సంగతి మాత్రం మాది. పైకాలవ ఊరికి నోరు. నోట్లో జిడ్డు పడింది. ఎవరు మురికి చేస్తే వాళ్ళే కడగాలి. మధ్యాహ్నం జుమా నమాజుకి జనం రాకముందే, తిరగలి నుంచి మసీదు దాకా ప్రతి రాయీ తోమాలి.

"తోమితే?" అన్నాను ఆత్రంగా. "అర్బాబ్‌కి చెప్తారా?"

బాషా అడిగాడు. సాలిం గారు రెండు చేతులూ దులిపి చూపించారు. "కడిగాక చెప్పడానికి ఏముంటుంది? ఖలాస్."

బాషా అక్కడే ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మా ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

రాళ్ళు తోమిన శుక్రవారం

సాలిం గారు పైన ఒక గుడ్డ చుట్టిన రాయిని కాలవలో అడ్డంగా దించారు. అంతే, నీళ్ళు ముడుచుకుని పక్కతోటలోకి మళ్ళాయి. ఆ వేళ వంతు ఎవరిదో వాళ్ళ తోటకి నష్టం రాకూడదని, ఆ లెక్క ఆయన ఫోన్లో గడియారం చూసి సరిచేశారు. పూర్వం కర్ర నీడని బట్టి కొలిచేవారట.

అందరికీ ఖర్జూరం పీచు కుచ్చులిచ్చారు. మా ఆయన ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచాడు. మేం వద్దన్నా వినకుండా బాషా కూడా దిగాడు. నేను కొంగు దోపాను. అందరికంటే ముందు అత్తయ్యే కూర్చుంది. అంట్లు తోమడంలో ఆవిడ చేతివాటం నాకు తెలుసు గానీ, ఊరి కాలవ మీద కూడా అదే జోరు. "ఒరే మురళీ, ఆ మూలేంది అట్టా వదిలేశావ్? నీ పెళ్ళాం గిన్నెలు తోమినట్టుందే!" ఎక్కడున్నా, ఏం చేస్తున్నా నాకో చురక తప్పదు. ఆ పూట మాత్రం ఆ చురక ఎంత హాయిగా ఉందో.

ఎండెక్కేకొద్దీ ఊరి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు గుమ్మాల్లోకొచ్చి చూశారు. రొట్టెలు తెచ్చిన పక్కింటావిడ తనూ ఒక కుచ్చు పట్టుకుని మా పక్కన కూర్చుంది. ఆవిడ మాటలు మాకు రావు, మా మాటలు ఆవిడకి రావు. అయినా అత్తయ్యా ఆవిడా మోకాళ్ళ నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

మెట్ల దగ్గరికి చేరాక నేను తలెత్తి చూశాను. గోడలో ఒక గూడుంది. పూర్వం లాంతరు పెట్టుకునే గూడట. దాంట్లో మా దొప్ప ఉంది. పెద్దమనుషులతో వస్తూ తెచ్చింది ఆరిపోయిన దొప్ప. వెలిగేదాన్ని నమాజుకి వెళ్ళే ముందే ఇక్కడ పెట్టినట్టున్నారు. నెయ్యి అడుగంటి, వత్తులు ఒక్కొక్కటే కొండెక్కుతూ, ఇంకా రెండు మూడు మినుకుమంటున్నాయి.

"అత్తయ్యా, ఆయన ఆర్పలేదు" అన్నాను.

అత్తయ్య లేచింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, గూటికి కాదు, కాలవ అవతల నిలబడి ఉన్న సాలిం గారికి దండం పెట్టింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు.

రాయి ఎత్తగానే నీళ్ళు కొత్తగా పుట్టినట్టు పరుగెత్తుకొచ్చాయి. సాలిం గారు దోసిలి పట్టి తాగి, వాసన చూసి, తల ఊపారు. వచ్చే ఏడు కావాలంటే కింద తోటల్లో, కాలవ తోక దగ్గర వదులుకోమన్నారు. అక్కడ ఏం కలిసినా ఖర్జూరాలకే పోతుందట. ఆ నీళ్ళు మడి నీళ్ళు కావు కదా అని నేను కావాలనే అత్తయ్యని అడిగాను. "నీళ్ళకి మడేందే, మనిషికి గానీ" అంది ఏమీ ఎరగనట్టు. తెల్లారుజామున చెప్పింది ఈవిడేనా అని మా ఆయనా నేనూ మొహామొహాలు చూసుకున్నాం.

తిరిగొచ్చాక

తిరుగు దారంతా ఒళ్ళు నొప్పులు. అత్తయ్య హల్వా గిన్నె ఒళ్ళో పెట్టుకుని సమాయిల్ వచ్చేదాకా నిద్రపోయింది. పెద్ద గిన్నె బాషా దగ్గరే వదిలేసి వచ్చాం, నసీమా వచ్చాక ఇమ్మని.

మస్కట్ వచ్చాక కూడా నాకు మనసు నిలవలేదు. ఆ ఊళ్ళో ఇంకెవరైనా ఏమైనా అంటే, ఆ మాట అర్బాబ్ చెవిన పడితే, కాగితాలు ఆగిపోతే? ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. అత్తయ్య పైకి అనదు గానీ, రోజూ దీపం దగ్గర ఆ అమ్మాయి పేరు కూడా చెప్పుకునేది.

మొన్న మధ్యాహ్నం బాషా ఫోన్ చేశాడు. వెనక నీళ్ళ చప్పుడు, ఎవరిదో ఆడగొంతు.

"అక్కా, మా ఆమె వచ్చింది. నిన్ననే దిగింది."

"అయ్యో, ఎంత మంచి మాట చెప్పావయ్యా! ఎట్లా ఉంది? నచ్చిందా ఊరు?"

"నచ్చేదేందక్కా" అని నవ్వాపుకోలేక ఆగాడు. "బ్యాగ్ కింద పెట్టిందో లేదో, ప్రయాణంలో కాళ్ళు వాచినాయని పోయి పైకాల్వలో కాళ్ళు పెట్టి కూర్చునింది. నేను వంటింట్లోంచి వచ్చేలోపల వకీల్ చూసేసినాడు. ఇప్పుడు పీచు కుచ్చు పట్టుకుని రాళ్ళు తోముతాంది. పక్కన నేనూ తోముతాండా."

నేను నవ్వుతూనే ఏడుస్తున్నాను. అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, సంగతంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుంది. విని, ఇంత పొడవు ఊపిరి వదిలింది.

"ఆ పిల్లతో చెప్పు నాయనా" అంది, "మెట్ల దగ్గర మూల బాగా రుద్దమను. మురళి అక్కడ సరిగ్గా తోమలా."